జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా?

మొన్న వానలు పట్టుకున్న రెండో రోజు మావాడు పెరట్లో చాలాసేపు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఉన్నారంటే ఏదో కొంప మునుగుతోందని తల్లులందరికీ తెలిసిన సంగతే. వెళ్ళి చూద్దును కదా, అరుగు మీద ఒక రోకలిబండ! చుట్ట చుట్టుకుని పడి ఉంది. వీడు చీపురుపుల్లతో దాన్ని విప్పటం, అది మళ్ళీ చుట్టుకోవటం, వీడు మళ్ళీ పొడవటం. పక్కనే వంటింట్లోంచి తెచ్చుకున్న ఉప్పు గిన్నె. దాని మీద పోస్తే ఏమవుతుందో చూడటానికట.

"ఒరేయ్, పాపంరా! దానికి నొప్పెయ్యదూ?" అని కేకలేశాను.

వాడు తల కూడా ఎత్తలేదు. "నిన్న నువ్వు బాత్రూములో జెర్రి మీద సలసల కాగే నీళ్ళు పొయ్యలేదూ? దానికి నొప్పెయ్యలేదా అమ్మా?" అన్నాడు.

తెల్లబోయాను. నవలల్లో ఎందరి చేతనో గడుసు జవాబులు చెప్పించినదాన్ని, పదేళ్ళ కుర్రాడికి జవాబు చెప్పలేక "హోంవర్కు అయిందా?" అన్నాను. ఓడిపోయినప్పుడు పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న అదే కదా!

ఆ రాత్రి నిద్ర పట్టక నా తరఫున నేనే వాదించుకున్నాను. వాడు ఆటకి చంపబోయాడు, నేను భయపడి చంపాను. రెండూ ఒకటేనా? కాదు. కానీ నిజం చెప్పొద్దూ, ఆ జెర్రి నా మీదకి రాలేదు. బకెట్టు కింద నక్కి ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించి, నీళ్ళు కాగిందాకా నిలబడ్డాను. ఆ అయిదు నిమిషాల్లో నా భయం చల్లారలేదా? చల్లారింది. మిగిలింది కసి.

అసలు ఆ భయం మాత్రం ఎక్కణ్ణించి వచ్చింది? చిన్నప్పుడు నేల మీద పడుకుంటే, చెవిలో జెర్రి దూరి మెదడు తినేస్తుందని మా అమ్మమ్మ బెదిరించేది. పురుగన్నది ఎప్పుడైనా చెవిలో దూరితే దూరొచ్చు గాని అక్కణ్ణించి మెదడుకి రాజమార్గం ఏమీ లేదు. మధ్యలో కర్ణభేరి అడ్డంగా ఉంది. జెర్రి కుడితే నిప్పు పెట్టినట్టు మండుతుంది, వాస్తుంది. అంతవరకూ అబద్ధం లేదు. మనిషి ప్రాణం పోవటం మాత్రం చాలా అరుదు. తల కిందనున్న మొదటి జత కాళ్ళే దానికి విషపు కొండీలు. వాటితో రాత్రిళ్ళు బొద్దింకల్ని, చిన్న చిన్న పురుగుల్ని వేటాడుతుంది. అంటే మన బాత్రూములోకి అది వచ్చింది మన కోసం కాదు, మనం పెంచుతున్న బొద్దింకల కోసం!

రోకలిబండ మరీ అమాయకురాలు. దానికి కుట్టటమే రాదు. కుళ్ళిన ఆకులు తిని మట్టిని సారవంతం చెయ్యటం దాని వృత్తి. ముట్టుకుంటే చుట్టుకుంటుంది, మరీ విసిగిస్తే ఘాటు వాసన రసం వదులుతుంది. అది కంట్లో పడితే మంట కాబట్టి చేతులు కడుక్కుంటే చాలు. నేల నీళ్ళతో నిండిపోతే పొడిచోటు వెతుక్కుంటూ మన గడప ఎక్కుతుంది. అంతే దాని నేరం.

జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా అని సామెత. జెర్రిని అడిగి చెప్పిన సామెత కాదది! దానికి వంద కాళ్ళనుకుంటాం గాని పెద్దయిన జెర్రికి కాళ్ళ జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే. సరిగ్గా 50 జతలు ఎలా వస్తాయి? మన ఇళ్ళల్లో తిరిగే పెద్ద జెర్రికి సాధారణంగా 21 జతలు, అంటే 42 కాళ్ళు. వెయ్యి కాళ్ళు దాటిన రోకలిబండ మాత్రం ఒకటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అరవై మీటర్ల లోతు బోరు గుంటలో దొరికింది. 1306 కాళ్ళున్నాయని 2021లో ప్రకటించారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను కుదిపేసిన సంగతి ఇంకోటుంది. ఈ పెద్ద జెర్రులలో తల్లి గుడ్లు పెట్టి వదిలెయ్యదు. వాటి చుట్టూ తన ఒళ్ళంతా చుట్టుకుని, బూజు పట్టకుండా నాకుతూ, పిల్లలయ్యాక కూడా కొన్నాళ్ళు అలాగే కాపలా ఉంటుంది. పొదిగేటప్పుడు ఎవరైనా కదిపితే బెదిరి తన గుడ్లు తనే తినెయ్యటమూ కద్దు. దాన్ని మహాతల్లిని చేసి పూజించమనటం లేదు. మనం ఒక్క చీపురు దెబ్బతో తుడిచేసే ఆ గీతలో ఇంత సంసారం ఉందని మాత్రమే చెబుతున్నాను.

భారతంలో మాండవ్యుడి కథ గుర్తుందా? చెయ్యని దొంగతనానికి మునిని శూలానికి ఎక్కించారు. ఎందుకీ శిక్ష అని యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపరకలు గుచ్చావయ్యా అన్నాడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి యముణ్ణి విదురుడుగా పుట్టమని శపించాడు. ఇకమీదట పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కాదని కట్టడి చేశాడు. బాగానే ఉంది. మరి పిల్లల ఖాతాలోంచి కొట్టేసిన ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో మాత్రం చెప్పలేదు. చూపించి నేర్పిన తల్లి ఖాతాలోనేమో అని నా అనుమానం.

శాస్త్రాల మాట అలా ఉంచి చట్టం మాట చూద్దాం. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే మన 1960 నాటి చట్టం వెనక కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువేనని ఆ చట్టం నిర్వచనం. అంటే జెర్రీ జంతువే! అయినా ఏ పోలీసూ మన బాత్రూములోకి రాడనుకోండి. అక్కడ పోలీసూ మనమే, జడ్జీ మనమే, తలారీ మనమే. ఎవరూ అడగనిచోట మనం ఎలా ఉంటామన్నదే కదా అసలు నీతి?

పాకే పసివాడున్న ఇంట్లో జెర్రిని తిరగనివ్వమని నేను చెప్పను. అవసరమైతే ఒక్క దెబ్బతో చంపటం వేరు, ఉప్పూ కిరసనాయిలూ పోసి గిలగిల కొట్టుకుంటుంటే చూడటం వేరు. చాలాసార్లు ఆ ఒక్క దెబ్బా అక్కర్లేదు. పొడుగాటి చీపురుతో చేటలోకి తోసి దూరంగా పారేస్తే పోతుంది. తూముకి జల్లెడ మూత వేస్తే మళ్ళీ రాదు. నిన్న అదే చేశాను. గుండె దడదడలాడింది, చేట వణికింది, మావాడు మాత్రం వెనకాలే వచ్చి కాళ్ళు లెక్కపెట్టబోయాడు. వాడి ఉప్పు గిన్నె ఆ పూట వంటింట్లోనే ఉంది.

ఈ వానల్లో మీ ఇంట్లోకీ ఒకటి రాకపోదు. నీళ్ళు కాచటానికి స్టవ్ వెలిగించేముందు, వెనకాల ఎవరు నిలబడి చూస్తున్నారో ఒక్కసారి తిరిగి చూసుకోండి.