చదివి వినిపించిన కాగితము

హెచ్చరించినంత మాత్రమున మన దోషము తీరునా?

1513వ సంవత్సరమున స్పెయిను రాజు కొలువులో ఒక ప్రకటన వ్రాయబడెను. సముద్రము దాటి అమెరికా ఖండమునకు పోవు దండ్లు అచ్చటి ప్రజలపై పడకమునుపు దానిని చదువవలెను. పోపునకును రాజునకును లోబడుడి. లోబడనియెడల మిమ్మును మీ భార్యాబిడ్డలను దాసులుగా చేయుదుము. ఆ కీడునకు దోషులు మీరే గాని మేము కాము. ఇదే దాని సారాంశము. వినువారికి ఆ భాష రాదు. కొన్ని మారులు జనులు పారిపోయిన ఊళ్లలోను చదివిరి. చదివినట్టు లేఖకునిచేత సాక్ష్యము వ్రాయించుకొని, పిమ్మట కత్తి దూసిరి.

ఆ కాగితము ఎవరి కొరకు? వినువాని కొరకు కాదు. చదువువాని మనస్సాక్షిని నిద్రపుచ్చుటకే.

లాస్ కాసాస్ అను గురువు తానును ఆ ప్రజలచేత వెట్టి చేయించుకొన్నవాడే. 1514లో మనస్సాక్షి గద్దింపగా ఆయన తన క్రిందివారిని విడిచిపెట్టెను; 1566లో చనిపోవువరకు వారి పక్షమున వాదించెను. ఆయన కాగితము చదువలేదు, లాభము విడిచెను.

సహోదరుడా, పనివానితోను ఋణస్థునితోను "ముందే చెప్పితిని గదా" అని మనమును చేతులు కడుగుకొందుము. అతనికి బోధపడినదా? కాదనుటకు అతనికి శక్తి యున్నదా? ఈ రెండును లేనిచోట మన హెచ్చరిక మనలను నిర్దోషులుగా చేయజాలదు.