రాజీనామా రాయించకు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి,

మీ ఆఫీసులో తీసేయాల్సిన వాళ్ల పేర్లతో ఎక్సెల్ షీటు వచ్చిందనీ, వాళ్లను ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చెప్పే పని హెచ్చార్‌లో నీ మీద పడిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మానేద్దామా అని కూడా అన్నావట. నువ్వు మానేస్తే ఆ షీటు పక్క సీటుకి పోతుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు. మానకు. ఆ గదిలో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మాత్రం ముందే తేల్చుకో.

నిర్ణయం నీది కాదు, నిజమే. ఆ షీటులో ఉన్న వాళ్ల తప్పు కూడా కాదని మర్చిపోకు. శ్రీపెరంబుదూరులో నోకియా వాళ్లు 2006లో ఫ్యాక్టరీ పెట్టారు. మంచి రోజుల్లో 8,000 మంది దాకా పనిచేశారు, అందులో చాలామంది ఇరవై దాటీ దాటని ఆడపిల్లలు. కంపెనీకీ ఆదాయపు పన్ను శాఖకీ తగాదా వచ్చింది, ఆస్తులు స్తంభించాయి. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది గానీ ఈ ఫ్యాక్టరీ ఆ బేరంలో చేరలేదు. నవంబరు 1న పని ఆగిపోయింది. ఫోను బిగించే పిల్లకి పన్ను తగాదాతో ఏం సంబంధం? పోయింది మాత్రం ఆ పిల్ల ఉద్యోగమే.

మరైమలై నగర్ ఫోర్డ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని 2021 సెప్టెంబరు 9న ప్రకటించారు. పదేళ్లలో 200 కోట్ల డాలర్లు దాటిన నష్టం అన్నారు. ఇక్కడ, గుజరాత్‌లో కలిపి సుమారు 4,000 మంది మీద ఆ దెబ్బ పడింది. నష్టం అబద్ధమని నేననను. ఇప్పుడు మళ్లీ అదే ఫ్యాక్టరీలో 3,250 కోట్ల రూపాయలతో ఇంజన్లు చేస్తారట, 2029లో మొదలట. మంచిదే. కానీ ఆనాడు నలభై రెండేళ్లున్న ఫిట్టరుకి అప్పటికి యాభై వస్తాయి. కంపెనీ వెనక్కి రాగలదు, ఆ ఎనిమిదేళ్లు రావు.

మీ ఐటీ సంగతీ ఇంతే. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12,000 మందికి పైగా తీసేస్తామంది. ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లను. పదిహేనేళ్ల అనుభవం రక్షణ అనుకున్న వాళ్లకి ఆ అనుభవానికిచ్చే జీతమే ముప్పు తెచ్చింది.

నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో పనిచేసిన రోజుల్లో ఒకసారి ఇలాగే జాబితా వచ్చింది. యాజమాన్యం ఎవరికీ ముందుగా చెప్పలేదు. రాత్రి షిఫ్టు నడుస్తుండగానే ఆ పేర్ల పంచింగ్ కార్డులు ర్యాకులోంచి తీయించేసింది. పొద్దున ఆరుకి వచ్చిన టర్నరు ఒకాయన తన నంబరు అరలో చెయ్యి పెట్టి, కార్డు లేకపోతే పక్క అరలు, ఆ కింద అరలు వెతికాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు 'తొందరగా కానీ అన్నా' అంటున్నారు. మీ దగ్గర పొద్దున్నే లాప్‌టాప్ లాగిన్ కాకపోవడం ఇదే కదూ. మా పర్సనెల్ ఆఫీసరు అది చూసి తనే గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మిగతా వాళ్లకి ఒక్కొక్కరికీ ఎదురుగా చెప్పాడు. తిట్లు తిన్నాడు, కదల్లేదు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక అసలు సంగతి. 'మీరే రాజీనామా ఇచ్చేయండి, లేకపోతే రిలీవింగ్ లెటర్లో టెర్మినేషన్ అని పడుతుంది' అనమని నీకు నేర్పుతారు. అది సలహాలా వినిపించే బెదిరింపు. కంపెనీ తీసేస్తే సర్వీసు చేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. ఐటీ వాళ్లు దాని కిందికి వస్తారా రారా అని కోర్టుల్లో వాదనలున్నాయి. రాజీనామా రాసేసిన వాడి చేతిలో ఆ వాదించే అవకాశం కూడా మిగలడం కష్టం. అందుకే రాయించుకుంటారు. నిన్నటి దాకా మంచి రేటింగ్ ఇచ్చిన వాడికి రాత్రికి రాత్రే పని రాదని రాయడం కూడా ఈ కోవలోదే. 2015 జనవరిలో ఇక్కడి ఐటీ ఉద్యోగిని ఒకామె, గర్భవతి, తనను తీసేయడం మీద మద్రాసు హైకోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. కంపెనీ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఆమె రాజీనామా రాసిచ్చి ఉంటే?

కార్మికుల పక్షాన నిలబడే విషయంలో నువ్వుండే ఊరు చిన్న ఊరు కాదమ్మా. 1918 ఏప్రిల్‌లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది మా పెరంబూరులోనే. మిల్లు కూలీల బాధ చూడలేక ముందు కదిలింది చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు. ముందుండి నడిపించడానికి వాళ్లే వెళ్లి బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. వాళ్లు కూలీలు కారు, నువ్వూ ఆ షీటులో లేవు. ఎవరైనా 'యూనియన్‌తో మాట్లాడొచ్చా' అనడిగితే మొహం చిట్లించకు. ఐటీ వాళ్లకీ సంఘం పెట్టుకునే హక్కుందని తమిళనాడు ప్రభుత్వమే 2016లో చెప్పింది.

గదిలోకి వెళ్లే ముందు ప్రతి పేరుకీ నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ ఎంతొస్తాయో లెక్కగట్టి కాగితం మీద పెట్టుకో. కంపెనీ ఖర్చు తగ్గించుకుంటోందని ఉన్నదున్నట్టు చెప్పు. ఎవరి చేతా రాజీనామా రాయించకు. రాయించి తీరాలని పైవాళ్లు పట్టుబడితే ఆ మాట ఈమెయిల్లో పెట్టమను. నాకు తెలిసి పెట్టరు. పెట్టనంతకాలం నువ్వూ రాయించకు.

ఇట్లు,
మామయ్య