తమ్ముని జబ్బు, అక్క పెండ్లి



మన నందికొట్కూరు ప్రాంతంలో పెండ్లి సంబంధం కలుపుకునేముందు పెద్దలు ఇల్లు, పొలం, నడవడి విచారిస్తారు. చివరకు గొంతు తగ్గించి మరొకటి అడుగుతారు: "ఆ ఇంట్లో మతి సరిగా లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఈ ప్రశ్నకు భయపడి, కూతురి పెండ్లి అయ్యేవరకు కొడుకును వైద్యుని వద్దకు తీసుకుపోని కుటుంబాలున్నాయి. ఒక బిడ్డ పెండ్లి కోసం మరొక బిడ్డ ఆరోగ్యాన్ని బలిపెట్టవచ్చునా?

ముందు నిజం తెలుసుకుందాం. స్కిజోఫ్రీనియా జీవితకాలంలో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తోబుట్టువుకు ఉంటే ఆ అవకాశం నూటికి 9 వరకు ఉంటుందని కుటుంబ పరిశీలనలు తెలిపాయి. అంటే 90 మందికి పైగా ఆ జబ్బు రాదు.

మరి జబ్బు రాని బంధువుల మాటేమిటి? డెన్మార్కులో దత్తత వెళ్లిన పిల్లలను గురించి సేమూర్ కెటీ బృందం 1968లో ఒక పరిశీలన ప్రచురించింది. జబ్బుపడిన వారి రక్తసంబంధులలో ఆ జబ్బు, దాని తేలికపాటి రూపాలు ఎక్కువగా కనిపించాయి. పెంచుకున్న కుటుంబాలలో అలా కనిపించలేదు. రక్తసంబంధులలో కొందరు ముభావంగా, అనుమానంగా ఉంటారనీ, ఏకాగ్రత, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం సగటున కొంచెం తక్కువనీ తరువాతి పరిశోధనలు చెప్పాయి. ఇది సగటు లెక్క మాత్రమే. చాలామందిలో ఏ తేడా కనబడదు.

1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే వైద్యురాలు ఈ జబ్బుకు తల్లి తీరును కారణంగా చూపారు. ఆ అభిప్రాయం నిలువలేదు. ముభావి అయిన తల్లిని చూసి "ఈమె వల్లనే" అనేవారు ఇది గమనించాలి.

ఒకటి కాగల శక్తి వేరు, అది అయి ఉండటం వేరు అని అరిస్టాటిల్, ఆయన ననుసరించి పునీత తోమాసు అక్వినాసువారు బోధించారు. విత్తిన శనగంతా పంటై ఇంటికి రాదని మన రైతుకు వేరే చెప్పాలా? పైగా, ఇష్టపూర్వకంగా చేసినదానికే మనిషి బాధ్యుడు. పుట్టుకతో వచ్చిన స్వభావం పాపం కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు అతనినీ నిందించలేదు, తల్లిదండ్రులనూ నిందించలేదు.

కనుక ఇరుపక్షాలకూ బాధ్యత ఉంది. అడిగితే నిజం చెప్పాలి. అబద్ధం మీద కట్టిన కాపురం నిలువదు. అడిగేవారు ఎదుట ఉన్న పిల్ల గుణాన్ని, ఆరోగ్యాన్ని చూడాలి. తమ్ముని జబ్బును ఆమె నొసట వ్రాయరాదు. సంబంధం వద్దనుకుంటే మౌనంగా మానుకోవాలి, ఊరంతా చాటరాదు.

చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. పెండ్లి ముహూర్తం కోసం జబ్బు ఆగదు.