ఇంజను వేడెక్కితే కారణమేది?

స్కాందపురాణం రేవాఖండంలోదిగా చెప్పే సత్యనారాయణ వ్రతకథ అన్నవరం రత్నగిరిపై రోజూ వినబడుతుంది. అందులో సాధువనే వైశ్యుడు అబద్ధమాడగానే పడవలోని ధనం ఆకులూ తీగలూ అవుతుంది. కూతురు కళావతి ప్రసాదం విడిచి పరుగెత్తగానే భర్తతో సహా ఆ పడవ మునుగుతుంది. మరి కాకినాడ తీరంలో మరబోటు ఇంజను వేడెక్కితే, అదీ యజమాని దోషమేనా?

అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ నడిచిన న్యాయశాస్త్ర మార్గంలో ఈశ్వరుడు, కాలం, అదృష్టం (చేసిన కర్మల పుణ్యపాపాలు) అన్ని కార్యాలకూ సాధారణ కారణాలు. అన్నిటికీ ఉన్నది కనుకనే అదృష్టం ఈ ఒక్క ఇంజను ఎందుకు కాగిందో చెప్పలేదు. అసాధారణ కారణాన్ని వేరే వెతకాలి.

వెతికే పద్ధతి అన్వయ వ్యతిరేకాలు: అది ఉంటే ఇది ఉండటం, లేకుంటే లేకపోవటం. ముందు బయటికి పడే నీటిధార చూస్తారు. సన్నగా ఉంటే జాలీలో నాచో, పంపులో అరిగిన రబ్బరు రెక్కలో కారణం కావచ్చు. ధార బాగుంటే అనుమానం థర్మోస్టాట్‌ మీదికి పోతుంది. దాన్ని విప్పి, థర్మామీటరుతో పాటు నీళ్లలో వేలాడదీసి కాచాలి. మీద ముద్రించిన వేడి దాటినా తెరుచుకోకపోతే దోషి అదే. తెరుచుకుంటే ఉప్పు పేరుకున్న నీటిదారులు చూడాలి. థర్మోస్టాట్‌ తీసేసి నడపటం పరిష్కారం కాదు. ఇంజను చల్లగానే ఉండిపోయి డీజిల్‌ ఎక్కువ తాగుతుంది.

కథలోనూ ఆకాశవాణి కర్మమంటూ ఊరుకోదు, వదిలేసిన ప్రసాదాన్నే చూపుతుంది. కళావతి తిరిగెళ్లి అది తిన్నాకే పడవ తేలుతుంది.