పెరటి గుంతలో భూతయజ్ఞం

వంటింట్లో మిగిలిన తొక్కలను, పెరట్లో రాలిన ఆకులను గుంతలో వేసి కుళ్లబెట్టి, ఆ ఎరువుతో తోటకూర మడినో బీరపాదునో పెంచుకొనే గృహస్థుడు ధర్మాన్ని ఆచరిస్తున్నాడా, లేక తన లాభం మాత్రమే చూసుకొంటున్నాడా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, గృహస్థాశ్రమ స్వరూపానికే సంబంధించినది.

మనుస్మృతి మూడవ అధ్యాయం ప్రకారం ప్రతి ఇంట్లోనూ పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదు హింసాస్థానాలు ఉంటాయి. పంచసూనలు అనే వీటి వల్ల తెలియకుండానే ప్రాణులు నశిస్తాయి కనుక, ఆ దోషానికి పరిహారంగా నిత్యం అయిదు మహాయజ్ఞాలు విధించారు. వాటిలో ప్రాణులకు ఆహారం సమర్పించడం భూతయజ్ఞం. ఆ బలిని అందుకొనేవారిలో కుక్కలు, కాకులతో పాటు క్రిములను కూడా పేర్కొనడం వల్ల, కంటికి ఆనని జీవికి సైతం ఇంటి అన్నంలో వాటా ఉన్నదని శాస్త్రం అంగీకరించినట్లయింది.

అయితే ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. బలి అనేది ఇంటివారు భుజించక ముందే వండిన అన్నం నుంచి తీసి పెట్టేది. గుంతలో పడేది మనిషికి పనికిరాని చెత్త. పారవేయవలసినదాన్ని ఇచ్చి దానిని యజ్ఞమనడం ఆత్మవంచన కాదా?

దీనికి సమాధానం గుంతలో జరిగే క్రియలోనే దొరుకుతుంది. నత్రజని అధికంగా ఉన్న పచ్చి తొక్కలను, కర్బనం అధికంగా ఉన్న ఎండుటాకులతో కలిపి, కర్బనం నత్రజనికి సుమారు 30 రెట్లు ఉండేట్లు చూసి, పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ నిలిపి, గాలి ఆడేందుకు అప్పుడప్పుడు తిరగవేస్తే, సూక్ష్మజీవులు విజృంభించి, పోగు తగినంత పెద్దదైనప్పుడు లోపలి వేడిని 55 డిగ్రీలు దాటిస్తాయి. వేడి తగ్గాక శిలీంధ్రాలు, వానపాములు మిగిలిన పని పూర్తిచేస్తాయి. కాకికి అన్నం ఎలాగో వీటికి కుళ్లిన తొక్క అలాగే ఆహారం కాబట్టి, సమర్పణ యోగ్యతను నిర్ణయించవలసింది ఇచ్చేవాడి రుచి కాదు, స్వీకరించే జీవి అవసరం. గృహస్థుడు నిజంగా ఇచ్చేది చెత్తను కాదు. దానిని తరిగి, తడిపి, కలియబెట్టే శ్రద్ధను.

ఫలితాన్ని తానే అనుభవిస్తున్నాడు కనుక ఇది వ్యాపారమే అన్న రెండవ ఆక్షేపణ అంత బలమైనది కాదు. భగవద్గీత మూడవ అధ్యాయం యజ్ఞాన్ని పరస్పర పోషణగానే వివరించి, పొందినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడిని దొంగ అన్నది. తన కోసమే వండుకొనేవాడు పాపాన్ని భుజిస్తున్నాడని చెబుతూ, యజ్ఞశిష్టాన్ని, అంటే సమర్పణ తరువాత మిగిలినదాన్ని, ఆహారంగా విధించింది. ఇండోర్‌లో ఎరువు తయారీ పద్ధతిని రూపొందించి 1931లో దానిని గ్రంథస్థం చేసిన ఆల్బర్ట్ హోవర్డ్ కూడా నేల నుంచి తీసుకొన్నది నేలకే చేరాలన్న నియమాన్ని వ్యవసాయానికి మూలసూత్రంగా నిలిపాడు.

ఈ దృష్టితో చూస్తే ఎంగిలి గురించిన భావన తలకిందులవుతుంది. పురుగులు తిని వదిలినదే ఎరువు. దాని సారంతో పెరిగిన కూరగాయే మనిషి అన్నం. కాబట్టి తన ఎంగిలిని అల్పజీవులకు పడవేస్తున్నానని భావించే గృహస్థుడు వాస్తవానికి ఆ జీవుల ఎంగిలినే భుజిస్తున్నాడు. అథర్వవేదం పదకొండవ కాండలోని ఉచ్ఛిష్ట సూక్తం శేషాన్నే సమస్తానికి ఆధారంగా స్తుతించడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

కనుక పెరటి గుంత నిత్యబలికి ప్రత్యామ్నాయం కాకపోయినా, దాని విస్తృతి కాగలదు. కాని ఆ గుంతను పోషిస్తూనే మడిలో పురుగుమందు చల్లి, ఆహారం పెట్టిన జీవులనే చంపేవాడి పనికి యజ్ఞమన్న పేరు చెల్లదు. ముందు నేలకు పెట్టి, తరువాత తాను తిని, మిగిలినది పొరుగువారికి పంచే క్రమం పాటించినప్పుడే పెరటి సేద్యం యజ్ఞమవుతుంది.