కృష్ణా రామా అనుకునే వయసులో పద్దుల పుస్తకం

“ఈ వయసులో ఇంకా లెక్కల గోల ఎందుకండీ, హాయిగా కృష్ణా రామా అనుకోక!” యాభై అయిదు దాటినవాళ్లు ట్యాలీ నేర్చుకుంటామన్నా, ఏదైనా దుకాణంలో పద్దులు రాయడానికి కుదురుకుంటామన్నా ఇంట్లో వినబడే మొదటి మాట ఇదే. అనేవాళ్లది ప్రేమే. కానీ ఆ ప్రేమ వెనక ఒక నమ్మకం ఉంది. డబ్బు లెక్కది ఒక దారి, దేవుడిది ఇంకో దారి, వయసు మళ్లాక మొదటిది వదిలితేనే రెండోది దొరుకుతుందని. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

చూడాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక, అందులో నమోదైన చిన్న వ్యాపారి కూడా రిటర్నులు గడువులోగా వెయ్యాలి. నెలనెలా వేసేవాళ్లకు 11వ తేదీకి జీఎస్టీఆర్‌-1, 20వ తేదీకి జీఎస్టీఆర్‌-3బి. ఆడిట్ సంతకానికి చార్టర్డ్ అకౌంటెంటే కావాలి గానీ, రోజువారీ పద్దులు రాసేందుకు లైసెన్సు అక్కర్లేదు, వయసు అడ్డు లేదు. మరోవైపు 61, 62 ఏళ్లకు రిటైరై ఒంట్లో ఓపిక ఇంకా మిగిలినవాళ్లున్నారు. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయాక పొద్దుపోని గృహిణులున్నారు. భర్త పోయాక నలభై అయిదేళ్లకు తొలిసారి జీతం కోసం గడప దాటినవాళ్లూ ఉన్నారు. ఈ చివరివాళ్లకు వేదాంతం అడ్డుపెట్టడం అన్యాయం. బతకడానికి చేసే పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రశ్న మిగిలినవాళ్ల గురించే.

మనుస్మృతి ఆరో అధ్యాయం వానప్రస్థానికి గుర్తులు చెప్పింది. ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, కొడుక్కి కొడుకు. అవి కనబడితే అడవికి బయల్దేరమంది. ఈ మాట అందరికీ గుర్తుంటుంది. మూడు రుణాలు తీర్చకుండా మోక్షం మీద మనసు పెట్టేవాడు కిందికే పోతాడని అదే అధ్యాయం చేసిన హెచ్చరిక మాత్రం ఎవరికీ గుర్తుండదు. మనిషి బాకీలతోనే పుడతాడన్న ఊహ ఇంకా పాతది, తైత్తిరీయ సంహిత నాటిది. దేవతలకు, రుషులకు, పితరులకు ఎంత చెల్లింది, ఎంత మిగిలింది అని చూసుకోనివాడికి వైరాగ్యం లేదన్నమాట. యముడి కొలువులో చిత్రగుప్తుడు కూర్చున్నదీ ఈ ఊహలోంచే. హైదరాబాద్ పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర ఆయనకు గుడి ఉంది. దీపావళి వెళ్లిన రెండో రోజు, యమద్వితీయ నాడు, కాయస్థులు ఆయన పేరిట కలాన్నీ సిరాబుడ్డినీ పూజిస్తారు.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఇంకా సూటిగా ఉంటుంది. కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి ఎగిరిపోయాయి. ధర్మమంతా చేజిక్కిందని జాజలి పొంగిపోయాడు. కాశీలో ఉన్న తులాధారుడికి నువ్వు సాటిరావని అప్పుడొక వాక్కు వినబడింది. వెళ్లి చూస్తే తులాధారుడు అంగట్లో సరుకులమ్ముకునే వ్యాపారి. తన త్రాసు అందరికీ ఒకేలా తూగుతుందని, తన ధర్మం అదేనని చెప్పాడు. అడవిలోని తపస్విని పాఠం కోసం బజారుకు పంపింది మహాభారతం.

ఇతర మతాల్లోనూ ఈ ముడి ఉంది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, రెండో సూరాలోని 282వది, అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ చెబుతుంది. మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాడు. ఆ బల్ల వదిలి యేసు వెంట వెళ్లాడు. అయినా కాథలిక్కులు అకౌంటెంట్లకు రక్షకుడిగా ఆయన్నే ఎంచుకున్నారు. ఇక జంటపద్దు విధానాన్ని తొలిసారి అచ్చులో వివరంగా బోధించింది లూకా పాచియోలీ. 1494లో వెనిస్‌లో ఆ గ్రంథం వెలువడేనాటికి ఆయనకు యాభై దగ్గరపడుతోంది. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, సొంత ఆస్తి వద్దని వ్రతం పట్టిన సంఘంవాడు. పుస్తకం మొదట్లో దేవుడి పేరు రాసి లెక్క మొదలుపెట్టమని వర్తకులకు చెప్పాడు. మన వ్యాపారులు కొత్త ఖాతా పుస్తకం తెరిచి పైన ‘శ్రీ’ రాస్తారు కదా, అలాగే. డబ్బు వదిలేసినవాడు డబ్బు లెక్కను అంత శ్రద్ధగా ఎందుకు నేర్పాడన్నది ఆ లెక్క లోపలికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఒకాయన అయిదు లక్షలు పెట్టి హార్డ్‌వేర్ దుకాణం తెరిచాడనుకుందాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ అయిదు లక్షల మూలధనాన్ని ఆస్తుల వైపు రాయబోతారు. పుస్తకంలో అది అప్పుల వైపుకు వెళ్తుంది. దుకాణం తన యజమానికి అయిదు లక్షలు బాకీ. గల్లాపెట్టెలోంచి ఇంటి సరుకులకు రెండు వేలు తీసినా సొంతవాడకాల కింద రాయాల్సిందే. తన దుకాణం లెక్కలో తానే పరాయివాడు. ‘నాది’ అనేదాన్ని పక్కన నిలబెట్టి చూడమని గీత మీద ఉపన్యాసాల్లో ఎన్నిసార్లో వింటాం. పద్దులు రాసేవాళ్లు ఆ పని రోజూ సాయంత్రం గల్లా లెక్క చూసేటప్పుడు చేస్తారు. పైగా వాళ్ల చేతిలో ఉన్నది వేరొకరి డబ్బు. లక్షలు కళ్లముందు నడిచిపోతాయి, ఒక్క రూపాయీ తమది కాదు.

ఇంకో సంగతి. బ్యాంకు స్టేట్‌మెంటుకూ పుస్తకానికీ 270 రూపాయల తేడా వచ్చిందంటే, అనుభవమున్న గుమాస్తా మొదట దాన్ని తొమ్మిదితో భాగిస్తాడు. శేషం లేకుండా పోతే ఎక్కడో రెండంకెలు తారుమారై ఉండొచ్చు, 7,360 రాయాల్సిన చోట 7,630 పడి ఉండొచ్చు. తర్వాత దాన్ని సగం చేసి 135 కోసం వెతుకుతాడు, జమ కావాల్సింది ఖర్చులో పడిందేమోనని. జేబులోంచి 270 తీసి గల్లాలో వేస్తే తేడా తీరదు. జరిగిందేమిటో తెలిస్తేనే తీరుతుంది. ఆ వెతుకులాటకు కావాల్సిన ఓర్పు ఇరవై అయిదేళ్లప్పుడు చాలామందికి ఉండదు. యాభై ఎనిమిదేళ్లప్పుడు ఉంటుంది. చత్వారం, కొత్త సాఫ్ట్‌వేర్ బెరుకు, కుర్రవాళ్ల వేగం ముందు వెనకబడటం, ఈ ఇబ్బందులన్నీ నిజమే. మొదట్లో జీతమూ తక్కువే. కానీ అవి పనికి సంబంధించిన కష్టాలు, ధర్మానికి అడ్డంకులు కావు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో రెండు గొప్ప జీవితాలు దగ్గరగా తెలుసు. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు బిజ్జలుడి కొలువులో కరణికంతో మొదలుపెట్టి భాండాగారానికి అధిపతి అయ్యాడు. పాల్కురికి సోమనాథుడు ఆయన కథను ద్విపదలో మనకిచ్చాడు. రాజు సొమ్ము జంగమాలకు పంచుతున్నాడని గిట్టనివాళ్లు చాడీ చెబితే, బిజ్జలుడు ఖజానా లెక్క తీయించాడు. కాసు తగ్గలేదు. చేసే పనే పూజ అన్న ‘కాయకం’ ఆయన చుట్టూ చేరిన శరణుల బోధ. ఆ శరణుల్లో లక్కమ్మ, రాలిన బియ్యం ఏరి తెచ్చే భర్త మారయ్య ఒకనాడు అవసరానికి మించి తెస్తే, ఎక్కువైనవి వెనక్కిచ్చి రమ్మంది. లెక్క తప్పకపోవడం వీళ్లకు భక్తిలో భాగం.

రెండో జీవితం కంచర్ల గోపన్నది. పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన శిస్తు భద్రాచలం గుడికి పెట్టి, తానీషా చేత గోల్కొండ చెరలో పడ్డాడు. ఏ నగకు ఎన్ని వరహాలైందో చెరలో ఆయన పాడిన కీర్తనలోనే ఉంది. అంత బాధలోనూ ఖర్చు పద్దు మరిచిపోలేదు. ఆయన భక్తికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే ఆ సొమ్ము ఆయనది కాదన్న సంగతిని కథ దాచదు. రామలక్ష్మణులు వచ్చి ఏం చేశారని జనం చెప్పుకుంటారు? బాకీ మాఫీ చేయమని అడగలేదు, చెర తలుపులు బద్దలు కొట్టలేదు. ఆరు లక్షల మొహరీలు తానీషాకు లెక్కపెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నారు. భక్తుడి కోసం దిగివచ్చిన దేవుడు కూడా చెల్లుచీటీ లేకుండా కదల్లేదని మన జనం నమ్మారు. డబ్బు లెక్కకూ దేవుడికీ పొత్తు లేదనేవాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఈ పనిలో చేరినవాళ్లకు ఏదో ఒక రోజు ఒక మాట వినబడుతుంది: “ఈ కొనుగోలు బిల్లు ఎక్కించండి, సరుకు రాలేదులెండి.” సరుకు లేని బిల్లు మీద పన్ను జమ తీసుకోవడం నేరం. పైలెక్క, లోపలి లెక్క వేరువేరుగా నడిపించే చోట్లూ ఉన్నాయి. ఇల్లు గడవాల్సిన కుర్రవాడికి కాదనడం కష్టం, పెన్షన్ వచ్చేవాళ్లకు తేలిక. వయసు ఇచ్చే పెద్ద స్వేచ్ఛ ఇదే, దాన్ని వాడుకోవడమే ఈ కాలపు వానప్రస్థం. ఎవరో రాసిమ్మన్న అబద్ధాన్ని పెద్దరికంతో ఎక్కించి ఇంటికొచ్చి సహస్రనామం చదువుకునేవాళ్ల కన్నా, “ఇది నేను రాయనండీ” అని లేచి వచ్చేవాళ్ల సాధన పెద్దది.

2025లో జైపూర్‌లో 71 ఏళ్ల విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు సీఏ ఫైనల్ గట్టెక్కారు. ఒంటరితనంలో ముందు గీత చదువుకున్నారట. తర్వాత సీఏ చదువుతున్న మనవరాలికి సాయం చేస్తూ తానూ పుస్తకం పట్టారు. మధ్యలో ఒకసారి ఫైనల్ తప్పినా వదల్లేదు. గీత చదివిన మనిషి ఖాతా పుస్తకం దగ్గరికి రావడంలో దారి తప్పిందేమీ లేదు.

అందరూ అంత దూరం పోనక్కర్లేదు. నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు ప్రతి చందాకూ రసీదు ఉండాలని పట్టుబట్టిన గాంధీ, లెక్కలు శుభ్రంగా లేనిచోట సత్యం శుభ్రంగా నిలవదని ఆత్మకథలో రాసుకున్నారు. మన ఊరి గుడి కమిటీల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో, వినాయక చవితి చందాల్లో జరిగే తగువులు సగం లెక్క రాసేవాళ్లు లేకే. ఆరు నెలలు అక్కడ రాయండి. ప్రతి ఖర్చుకూ వోచరు పెట్టండి, నెలాఖరున జమాఖర్చులు నోటీసు బోర్డు మీద అంటించండి. ట్యాలీ మీటలు ఇంట్లో ఉన్న పిల్లల్నే అడిగి నేర్చుకోండి. ఆ తర్వాత దుకాణం మెట్లెక్కి పని అడగండి.