కొండ ఎక్కలేకపోతే భక్తి తక్కువా?

శివరాత్రి నాటికి మన పల్నాడులో మిరపకాయ కోతలు జోరు మీదుంటాయి. కూలి మానుకుంటే ఇల్లు గడవదు. మరి ఆ రోజు కోటప్పకొండకు రాలేని వాళ్ళకి భక్తి లేనట్టేనా? నేనైతే ఒప్పుకోనండి.

గొల్లభామ ఆనందవల్లి రోజూ పాలు పట్టుకుని రుద్రశిఖరం ఎక్కేది. నిండు గర్భిణి అయ్యాక ఇక ఎక్కలేక, మా ఇంటికే రా స్వామీ అంది. స్వామి కోప్పడలేదు. వెనక్కి చూడొద్దని చెప్పి వెంట బయల్దేరాడు. ఆమె తిరిగి చూసిన బ్రహ్మశిఖరం దగ్గరే ఆగిపోయాడని స్థలపురాణం. అందరూ ఆ తిరిగి చూడటం గురించే చెబుతారు. నాకు మాత్రం అలిసిన మనిషి కోసం ఆయన దిగి రావడమే పెద్ద సంగతి. (ఓపికుండీ బద్ధకించే మనకి ఇది సాకు కాదులెండి.)

కోతలకెళ్ళే అక్కలూ, సాయంత్రం చేతుల మంట తగ్గాక ఇంట్లోనే దీపం పెట్టుకోండి. ప్రభలు చూడటానికి పిల్లల్ని పంపండి.